కొత్త బ్లాకు, కొత్త మిషన్లు, కొత్త డాక్టర్లు: ఎదుగుతున్న నగర ఆస్పత్రి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్పత్రి పెద్దదవుతుంటే గోడలతో పాటే సందేహాలూ లేస్తాయి. కొత్త బ్లాకు తెరిచిన దగ్గర్నుంచీ ఓపీలో, లిఫ్టు ముందు, రౌండ్స్ మధ్యలో నన్ను అడిగేవి దాదాపు ఇవే. నేను వార్డులో పనిచేసే డాక్టర్ని, చిన్న డాక్టర్లకు పాఠాలు కూడా చెబుతాను. కాబట్టి కొన్ని జవాబుల్లో నా పక్షపాతం కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఏ జవాబు దానికదే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## ఇంకా వెళ్ళలేదు, ఆలోచిస్తున్నాం

సూపర్ స్పెషాలిటీ అని బోర్డు మార్చారు. నిజంగా ఏం మారినట్టు?

బోర్డు మార్చడానికి ఒక్క రోజు చాలు, విభాగం నిలదొక్కుకోవడానికి ఏళ్ళు పడుతుంది. గుండె విభాగాన్నే తీసుకోండి. మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని బెలూన్‌తో తెరవడం 1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ చేతుల్లో మొదలైంది. ఇప్పుడు క్యాత్ ల్యాబ్ (గుండె నాళాల్ని తెర మీద చూస్తూ తెరిచే గది) ఉన్న ప్రతి చోటా అది మామూలు పనే. కానీ రాత్రి రెండింటికి గుండెపోటుతో వచ్చిన మనిషిని ల్యాబ్ ఒక్కటే కాపాడలేదు. ఈసీజీ తీసి అక్కడికక్కడే చదివేవాళ్ళు కావాలి, ఫోన్ రాగానే బయల్దేరే కార్డియాలజిస్టు కావాలి, టెక్నీషియన్, నర్సు, ఆ తర్వాత చూసుకునే ఐసీయూ కావాలి. రోగి ఆస్పత్రి తలుపు దాటిన 90 నిమిషాల్లోపు నాళం తెరవాలని చాలా చోట్ల లక్ష్యం పెట్టుకుంటారు. వీళ్ళలో ఒక్కరు అందుబాటులో లేకపోయినా ఆ లెక్క తప్పుతుంది.

అందుకే ముందుగా వాకబు చేసేటప్పుడు క్యాత్ ల్యాబ్ ఉందా అని అడిగి ఊరుకోకండి, రాత్రిపూటా సెలవు రోజుల్లోనూ నడుస్తుందా అని అడగండి. జవాబు ఎంత తడుముకోకుండా వస్తుందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

కొత్తగా మొదలైన విభాగంలో ఆపరేషన్ చేయించుకోవచ్చా, కొన్నాళ్ళు ఆగాలా?

ఏ ఆపరేషన్ అన్నదాన్ని బట్టి. ఒక ఆపరేషన్ ఎక్కువగా చేసే ఆస్పత్రుల్లో మరణాలు తక్కువగా ఉంటున్నాయని 1979లోనే అమెరికా పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలూ ముఖ్యంగా క్లోమం, అన్నవాహిక, గుండె లాంటి పెద్ద ఆపరేషన్ల విషయంలో అదే చెప్పాయి. హెర్నియా, అపెండిక్స్ లాంటి వాటిలో ఈ తేడా అంతగా కనిపించదు.

పిత్తాశయం కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. కడుపు కోయకుండా చిన్న రంధ్రాల్లోంచి పిత్తాశయం తీసే పద్ధతిని జర్మనీలో ఎరిక్ మ్యూహె 1985లో మొదటిసారి చేశారు. నాలుగైదేళ్ళలో ప్రపంచమంతా దాని వెంట పడింది. ఆ తొలినాళ్ళలో పిత్తనాళానికి గాయాలయ్యే కేసులు పెరిగాయి. ఆ గాయాల్లో ఎక్కువ భాగం సర్జన్లు కొత్తగా నేర్చుకుంటూ చేసిన మొదటి కేసుల్లోనే జరిగాయి. పద్ధతి మంచిదే, చేతులు ఇంకా అలవాటు పడలేదు.

విభాగం కొత్తదైనా టీమ్ పాతదై ఉండొచ్చు. వేరే చోట ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళే వచ్చి ఉండొచ్చు. "ఈ ఆపరేషన్ మీరు ఇప్పటికి ఎన్ని చేశారు, గత ఏడాదిలో ఎన్ని?" అని సర్జన్ని అడగడంలో తప్పేం లేదు. ఆ ప్రశ్నకు నొచ్చుకునే సర్జన్ కంటే నెంబరు చెప్పే సర్జన్ మీదే నాకు నమ్మకం.

ఆస్పత్రి పెద్దదైతే ప్రతి జబ్బుకూ అక్కడికే వెళ్ళడం మంచిదా?

కాదు. జలుబుకి, బీపీ మందు కొనసాగించడానికి, మామూలు కాన్పుకి దగ్గర్లో మిమ్మల్ని ఏళ్ళుగా ఎరిగిన డాక్టరు ఉంటే అంతకంటే మేలు లేదు. పెద్ద ఆస్పత్రిలో మీరు ప్రతిసారీ కొత్త మనిషే.

గుర్తింపు సర్టిఫికెట్ గోడ మీద ఉంది. వైద్యం బాగున్నట్టేనా?

పద్ధతులు ఉన్నాయనడానికి అది ఆధారం. చేతులు కడుక్కునే ఏర్పాటు, మందులు ఇచ్చేముందు సరిచూసుకోవడం, మంటలు అంటుకుంటే బయటపడే దారి, తప్పు జరిగితే నమోదు చేయడం లాంటివి బయటివాళ్ళు వచ్చి తనిఖీ చేశారని అర్థం. మీ సర్జన్ చేతి నైపుణ్యం గురించి అది ఏమీ చెప్పదు. గడువు తేదీ కూడా చూడండి. జేసీఐ లాంటి అంతర్జాతీయ గుర్తింపు మూడేళ్ళకే, ఆ తర్వాత మళ్ళీ తనిఖీ జరగాల్సిందే.

## మొదటి రోజు: ఓపీ, ఎమర్జెన్సీ

మేం ముందొచ్చాం. మా తర్వాత వచ్చినవాళ్ళని ముందు లోపలికి పంపారు. ఇదేం పద్ధతి?

ఎమర్జెన్సీలో వరుస వచ్చిన టైముని బట్టి ఉండదు, ప్రమాదాన్ని బట్టి ఉంటుంది. దీన్ని ట్రయాజ్ అంటారు. నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా ఉన్న డొమినిక్ లారీ హోదాతో పనిలేకుండా గాయం తీవ్రతని బట్టి సైనికుల్ని చూడాలని పట్టుబట్టాడు. ఇప్పటి పద్ధతికి మూలం అక్కడుంది. మిమ్మల్ని కూర్చోబెట్టారంటే ఒకరకంగా మంచి వార్తే. అయితే కూర్చున్నాక పరిస్థితి మారొచ్చు. నొప్పి పెరిగినా, ఆయాసం మొదలైనా, మనిషి మాట్లాడటం తగ్గినా వెంటనే ట్రయాజ్ నర్సు దగ్గరికి వెళ్ళి చెప్పండి. టోకెన్ నెంబరు పిలిచేదాకా ఆగొద్దు.

పక్షవాతం లక్షణాలతో వెళితే ఇంజెక్షన్ ఇవ్వకుండా ముందు స్కానింగ్‌కి తోశారు. టైం వేస్ట్ కాదా?

ఆ స్కానింగ్ లేకుండా ఇంజెక్షన్ ఇస్తేనే ప్రమాదం. మెదడులో నాళం రక్తపు గడ్డతో మూసుకుపోయినా, నాళం చిట్లి రక్తం కారినా పైకి లక్షణాలు ఒకేలా ఉంటాయి: మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం. గడ్డ కరిగించే మందు మొదటిదానికి ప్రాణం పోస్తుంది, రెండోదానికి ప్రాణం తీస్తుంది. తేడా చెప్పేది సీటీ. మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఎంత తొందరగా పడితే అంత మేలు. కొందరిలో గడ్డని తీగతో బయటికి లాగే వీలు 24 గంటల వరకూ ఉంటుంది.

అక్కడ మీరు చేయగలిగిన అతి పెద్ద సాయం ఒక్క మాట చెప్పడం: మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది సరిగ్గా ఎన్ని గంటలకి? నిద్రలో వచ్చిందంటే పడుకున్న టైము. "పొద్దున" అంటే చాలదు.

అంతా కంప్యూటర్ అయిపోయింది. డాక్టరు నా ముఖం చూడకుండా స్క్రీనే చూస్తున్నారు.

ఈ ఫిర్యాదు న్యాయమైనదే, నేనూ దోషినే. కంప్యూటర్ వల్ల మందుల అలర్జీ హెచ్చరిక వెంటనే వస్తుంది, పాత రిపోర్టులు పోవు, చేతిరాత అర్థంకాక వేరే మందు ఇచ్చే పొరపాటు తగ్గుతుంది. టైపింగ్ మాత్రం మీతో మాట్లాడాల్సిన టైములోంచే పోతుంది. "డాక్టర్ గారూ, ఒక్క నిమిషం నా మాట విన్నాక రాసుకోండి" అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. వచ్చేముందు మీ మూడు ముఖ్యమైన బాధలు, వేసుకుంటున్న మందులు ఒక చీటీ మీద రాసుకొస్తే ఇద్దరికీ సుఖం.

## మిషన్ల దగ్గర

సీటీ, ఎమ్మారైలలో ఏది గొప్పది? గొప్పదే తీయించుకుంటాం.

ఏది దేనికి పనికొస్తుందన్నదే అసలు సంగతి. సీటీ ఎక్స్‌రే కిరణాలతో పనిచేస్తుంది. చాలా వేగం. తలకి దెబ్బ, ఊపిరితిత్తులు, ఎముకలు, లోపల రక్తస్రావం అనే అనుమానం ఉంటే అదే ముందు. ఎమ్మారై అయస్కాంతంతో పనిచేస్తుంది. మెదడు, వెన్నుపాము, కీళ్ళు, కండరాలు లాంటి మెత్తని భాగాలు బాగా కనిపిస్తాయి. కాకపోతే అరగంటో ఎక్కువో కదలకుండా పడుకోవాలి. కొన్ని రకాల పేస్‌మేకర్లు, పాత ఆపరేషన్లలో ఒంట్లో పెట్టిన క్లిప్పులు ఉన్నవాళ్ళని లోపలికి పంపరు. ఆ అయస్కాంతం మిషన్ వాడనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది, అందుకే తాళాలూ పిన్నులూ బయటే వదిలేయమని అంతగా బతిమాలేది.

వేగం సంగతి చెప్పాలంటే, లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో 1971 అక్టోబరు 1న గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన మిషన్ మీద మొదటి రోగికి సీటీ తీసినప్పుడు ఒక్కో పొరకి నిమిషాలు పట్టింది. ఇప్పుడు ఛాతీ మొత్తం కొన్ని సెకన్లు, మీరు ఊపిరి బిగబట్టినంతసేపు.

ఇన్ని స్కాన్లు తీస్తే రేడియేషన్ పడదా?

ఎక్స్‌రే, సీటీ, పెట్ (ఎక్కువగా క్యాన్సర్ కోసం తీసేది) స్కాన్లలో పడుతుంది. అల్ట్రాసౌండ్, ఎమ్మారైలలో ఆ రకం రేడియేషన్ అసలు లేదు. లెక్క ఇలా చూడండి: నేల నుంచి, ఆకాశం నుంచి, గాలి నుంచి మనిషికి ఊరికే ఉంటేనే ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు పడుతుంది. ఛాతీ ఎక్స్‌రే సుమారు 0.1, అంటే రెండు వారాల సహజ మోతాదు. కడుపు సీటీ ఎనిమిది నుంచి పది దాకా, అంటే మూడు నాలుగేళ్ళది. అవసరమైన సీటీని ఈ భయంతో మానుకోవడం తెలివితక్కువ. నిరుడు వేరే చోట తీసిన సీటీ ఇంట్లో పెట్టుకుని మళ్ళీ అదే తీయించుకోవడం అంతకంటే తెలివితక్కువ. గర్భం ఉండే అవకాశం ఏ కాస్త ఉన్నా టెక్నీషియన్‌కి ముందే చెప్పండి.

కొత్త మిషన్ వచ్చింది కదా, రిపోర్టు మాత్రం ఎందుకింత ఆలస్యం?

మిషన్ కొన్నారు, చదివే మనిషి ఒక్కరే ఉండి ఉంటారు. కొత్త స్కానర్ పాతదానికంటే వేలకొద్దీ ఎక్కువ బొమ్మలు ఇస్తుంది. వాటిని ఒక్కొక్కటిగా చూసేది ఇంకా రెండు కళ్ళే. ఎదుగుతున్న ఆస్పత్రుల్లో నేను ఎక్కువసార్లు చూసిన లోటు ఇదే: మిషన్ పండగలా వస్తుంది, రేడియాలజిస్టు పోస్టు ఫైల్లో ఉంటుంది. ఎమర్జెన్సీ కేసుల రిపోర్టు ముందు ఇచ్చి మిగతావి తర్వాత ఇవ్వడం మామూలే. మరీ ఆలస్యమైతే మీ డాక్టర్ని నేరుగా రేడియాలజిస్టుతో ఫోన్లో మాట్లాడమనండి.

స్కాన్ రిపోర్టు ఇప్పుడు కంప్యూటరే చదివేస్తుందట, నిజమేనా?

కొంత. మెదడులో రక్తం కారినట్టు అనుమానముంటే ఆ స్కాన్‌ని క్యూలో పైకి జరిపే సాఫ్ట్‌వేర్లు, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చకి గుర్తు పెట్టేవి వాడుకలో ఉన్నాయి. అవి లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తాయి, ఉన్నదాన్ని వదిలేస్తాయి కూడా. రిపోర్టు కింద సంతకం డాక్టరుది, బాధ్యతా ఆయనదే.

పెట్ స్కాన్‌కి గంట ఆలస్యంగా వెళితే ఇంకో రోజు రమ్మన్నారు. అంత పట్టుదల ఎందుకు?

పట్టుదల వాళ్ళది కాదు, మందుది. ఎక్కువగా వాడే మందు రేడియోధార్మికత ఉన్న ఒక రకం చక్కెర. దాని బలం ప్రతి 110 నిమిషాలకీ సగానికి పడిపోతుంది. మీ కోసం తెచ్చిన మోతాదు మీరు దారిలో ఉండగానే కరిగిపోతుంది. పైగా ఇంజెక్షన్ ఇచ్చాక స్కాన్‌కి ముందు గంటసేపు కదలకుండా కూర్చోబెట్టాలి, రక్తంలో షుగర్ కూడా హద్దులో ఉండాలి.

రోబో ఆపరేషన్ అంటే రోబోనే చేస్తుందా?

చేయదు. సర్జన్ పక్కనే ఒక బల్ల దగ్గర కూర్చుని చేతులు కదిపితే ఆ కదలికల్నే మిషన్ చేతులు చిన్నవి చేసి లోపల చేస్తాయి. డావిన్సీ అనే మిషన్‌కి అమెరికాలో 2000లో అనుమతి వచ్చింది, అప్పట్నుంచి వాడకం బాగా పెరిగింది. ప్రోస్టేట్ లాంటి ఇరుకు చోట్ల చేతి వణుకు తగ్గడం, బొమ్మ లోతుతో సహా త్రీడీలో కనిపించడం నిజంగా ఉపయోగం. అన్ని ఆపరేషన్లలోనూ ఫలితం మెరుగవుతుందని మాత్రం తేలలేదు. మీ ఆపరేషన్‌కి మామూలు ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) కంటే దీంట్లో అదనంగా ఏం లాభమో ఒక్క వాక్యంలో చెప్పమనండి. మూడు వాక్యాలు దాటినా తేలలేదంటే మామూలుది చాలు.

## నేర్చుకునే డాక్టర్ల మధ్య

ఇది టీచింగ్ ఆస్పత్రి అయిపోయింది. అంటే మా మీద ప్రాక్టీసు చేస్తారా?

ఈ ప్రశ్న అందరూ గొంతు తగ్గించి అడుగుతారు. నేను గట్టిగానే జవాబు చెబుతాను: అవును, కొంతవరకు, కానీ ఒంటరిగా వదిలిపెట్టి కాదు.

ఏ డాక్టరైనా మొదటిసారి ఎవరో ఒకరి నరానికి సూది పెట్టాల్సిందే. నా మొదటిసారి రెండుసార్లు తప్పింది. మూడోసారి వార్డు సిస్టర్ నా మణికట్టు పట్టుకుని కోణం సరిచేసింది. మంచం మీదున్న పెద్దాయన కళ్ళు మూసుకుని "కానియ్ బాబూ" అన్నారు. అప్పటి సిగ్గు ఇప్పటికీ గుర్తుంది, ఆ కోణం కూడా.

నేర్పే పద్ధతి ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో 1889లో తెరిచిన జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో విలియం హాల్‌స్టెడ్ సర్జన్లకి బాధ్యతని మెట్టు మెట్టుగా అప్పగించే శిక్షణ మొదలుపెట్టారు. అదే చోట విలియం ఆస్లర్ విద్యార్థుల్ని లెక్చరు హాలు నుంచి రోగి మంచం దగ్గరికి నడిపించారు. ఇప్పటికీ క్రమం అదే: ముందు చూడాలి, తర్వాత సాయం పట్టాలి, ఆ తర్వాత పెద్దవాళ్ళు పక్కనుండగా చేయాలి, చివరికి ఒక్కరే చేయాలి.

చరిత్రలో దీనికి రెండు ముఖాలూ ఉన్నాయి. 1847లో వియన్నా జనరల్ ఆస్పత్రిలో వైద్య విద్యార్థులు కాన్పులు చేసే వార్డులో తల్లులు ఎక్కువగా చనిపోయేవాళ్ళు, మంత్రసానులు చేసే వార్డులో తక్కువ. విద్యార్థులు శవపరీక్ష గది నుంచి నేరుగా వస్తున్నారని అక్కడి డాక్టరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ పసిగట్టి క్లోరిన్ నీళ్ళతో చేతులు కడిగించాడు. ఏప్రిల్లో నూటికి 18 దాకా ఉన్న మరణాలు జూన్ నాటికి రెండుకి వచ్చాయి. అది విద్యార్థుల వల్ల జరిగిన హాని. ఇక 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడి రోగులు ఊపిరి ఆడక చనిపోతుంటే, మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతులో గొట్టం పెట్టి చేత్తో బ్యాగు నొక్కి గాలి ఇప్పించాడు. సరిపడా మిషన్లు లేవు. సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని, నెలల తరబడి, రాత్రింబవళ్ళు ఆ బ్యాగులు నొక్కారు. ఈ రోజు ప్రతి ఆస్పత్రీ గొప్పగా చెప్పుకునే ఐసీయూ ఆ విద్యార్థుల చేతుల్లోంచి వచ్చింది.

కాబట్టి విద్యార్థులున్నారా అని భయపడేకన్నా వాళ్ళ వెనక ఎవరున్నారో కనుక్కోండి. "ఇది మీరు చేస్తున్నారా? పక్కన ఎవరుంటారు?" ఈ రెండు ప్రశ్నలకీ జవాబు పొందే హక్కు మీకుంది.

ఒకే ప్రశ్న నలుగురు వచ్చి అడుగుతున్నారు. ఒకరి మాట ఒకరు చెప్పుకోరా?

చెప్పుకుంటారు. అయినా మళ్ళీ అడుగుతారు, కొంత నేర్చుకోవడానికి, కొంత నమ్మకం లేక. మొదటిసారి చెప్పడం మరిచిన సంగతి మూడోసారి బయటపడటం నేను చాలాసార్లు చూశాను. ఎప్పుడో పదేళ్ళ కిందట పడని మందు, ఎవరికీ చెప్పని మాత్ర, అలాంటివి.

నిజమైన బలహీనత డ్యూటీ మారేటప్పుడు. ఒక డాక్టరు వెళ్ళి ఇంకొకరు వచ్చే ఆ పావుగంటలో సమాచారం జారిపోతుంది. అప్పగింతకి ఒక క్రమం పెడితే వైద్యంలో తప్పులు 23 శాతం తగ్గాయని 2014లో తొమ్మిది ఆస్పత్రుల పిల్లల విభాగాల్లో చేసిన అధ్యయనం చూపించింది. మీరూ ఒక పని చేయొచ్చు: సాయంత్రం డ్యూటీకి వచ్చిన డాక్టర్ని "పొద్దున పంపిన రక్తపరీక్ష సంగతి మీకు చెప్పారా?" అని అడగండి.

స్టూడెంట్లు వచ్చి చూడటం మాకిష్టం లేదు. వద్దంటే వైద్యం తగ్గిస్తారా?

తగ్గించకూడదు. వద్దనడం మీ హక్కు, కారణం కూడా చెప్పనక్కర్లేదు. అందరినీ కాకపోయినా కొందర్ని వద్దనొచ్చు, మాట్లాడటానికి ఒప్పుకుని పరీక్ష చేయడానికి వద్దనొచ్చు. ముఖ్యంగా మత్తులో ఉన్నప్పుడు విద్యార్థులు లోపలి పరీక్ష చేయాలంటే మీ అనుమతి ముందే విడిగా తీసుకోవాలి. ఒప్పుకున్నవాళ్ళకి ఒక లాభం చెబుతాను: మీ కథ పూర్తిగా వినే ఓపిక, తీరిక ఉన్నది ఆ స్టూడెంటుకే.

పెద్ద డాక్టరు రోజుకి ఐదు నిమిషాలే వస్తారు. మిగతా టైమంతా మమ్మల్ని చూస్తున్నది ఎవరు?

నర్సులు. తర్వాత డ్యూటీ డాక్టర్లు, అంటే స్పెషాలిటీ శిక్షణలో ఉన్నవాళ్ళు. హౌస్ సర్జన్లు డిగ్రీ చదువు అయ్యాక చేతి పని నేర్చుకుంటున్నవాళ్ళు. పెద్ద డాక్టరు ఆ ఐదు నిమిషాల్లో నిర్ణయం తీసుకుంటారు, దాన్ని 24 గంటలూ నడిపించేది మిగతావాళ్ళు. రాత్రి రోగి ముఖం తేడాగా ఉందని ముందు పసిగట్టేది ఎక్కువగా సిస్టరే. విస్తరణ గురించి ఏ ఆస్పత్రి ప్రకటన చదివినా నేను ముందు వెతికేది కొత్త నర్సుల్ని ఎంతమందిని తీసుకున్నారని. చాలాసార్లు ఆ లైను ఉండదు.

కొత్త ట్రైనింగ్ సెంటర్లో బొమ్మల మీద నేర్చుకుంటారట. దానివల్ల మాకేంటి?

మీ మీద జరిగే మొదటి ప్రయత్నం వాళ్ళ ఇరవయ్యో ప్రయత్నం అవుతుంది. ఉదాహరణకి గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి. పుస్తకంలో చదివితే చేతికి రాదు. బొమ్మ అయితే లోతు తగ్గినా, వేగం పెరిగినా మీటరు మీద చూపిస్తుంది. విమానం పైలట్లు ఏళ్ళ కిందటే ఇలా నేర్చుకోవడం మొదలుపెట్టారు, మనం ఆలస్యంగా మేలుకున్నాం. ఇలాంటి సెంటర్లలో మామూలు జనానికి కూడా ఛాతీ నొక్కడం నేర్పిస్తుంటారు, కనుక్కుని వెళ్ళండి.

## ఆపరేషన్, ఐసీయూ

థియేటర్లోకి తీసుకెళ్ళేముందు పేరేంటి, ఏ వైపు అని పదిసార్లు అడిగారు. వాళ్ళకే తెలియదా?

తెలుసు. అయినా అడుగుతున్నారంటే ఆస్పత్రి సరిగా నడుస్తున్నట్టు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాలతో ఒక చెక్‌లిస్టు ఇచ్చింది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, థియేటర్ వదిలేముందు అందరూ ఒక్క క్షణం ఆగి పైకి చదవాలి: రోగి పేరు, ఏ ఆపరేషన్, ఏ వైపు, అలర్జీలు, గత గంటలో యాంటీబయాటిక్ పడిందా, చివర్లో గుడ్డలూ పనిముట్లూ లెక్క సరిపోయాయా. ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆస్పత్రుల్లో వాడి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. మిషన్ లేదు, మందు లేదు, ఒక కాగితం. నవ్వుతూ టిక్కులు కొట్టేసే చోట మాత్రం అది పనిచేయదు. కాబట్టి పదకొండోసారి అడిగినా పూర్తి పేరు చెప్పండి.

ఐసీయూ బెడ్లు పెంచామన్నారు. అయినా బెడ్ లేదంటున్నారు.

మంచం, మానిటర్, వెంటిలేటర్ పెట్టగానే ఐసీయూ బెడ్ అవదు. వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక నర్సు, మరీ అయితే ఇద్దరికి ఒకరు, అదీ మూడు షిఫ్టులకీ ఉండాలి. నర్సు లేని బెడ్ ఖాళీగా కనిపిస్తుంది గానీ వాడటానికి పనికిరాదు. ఆక్సిజన్ ఇంకో సంగతి. ఆస్పత్రి వెనక కనిపించే పొడవాటి తెల్ల ట్యాంకులో ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉంటుంది. ఒక లీటరు ద్రవం సుమారు 860 లీటర్ల వాయువు అవుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నా పైపులు పాతవైతే ఒకేసారి అన్ని బెడ్లకీ కావలసినంత ఒత్తిడి రాదు. కొత్త బ్లాకు కట్టేటప్పుడు పైపుల గురించి ఎవరూ ఫొటోలు దిగరు.

థియేటర్ కొత్తది కదా, ఇన్ఫెక్షన్ రాదుగా?

తగ్గుతుంది, రాదని హామీ లేదు. కొత్త థియేటర్లలో గాలి హెపా ఫిల్టర్ల గుండా వస్తుంది. 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా అవి 99.97 శాతం ఆపుతాయి. పనిముట్లని 134 డిగ్రీల ఆవిరిలో కనీసం మూడు నిమిషాలు ఉంచుతారు. ఇవన్నీ సరే, వార్డులోకి వచ్చాక కట్టు మార్చే చేయి కడుక్కుందా లేదా అన్నది ఇప్పటికీ పెద్ద ప్రశ్న. "చేతులు శుభ్రం చేసుకున్నారా?" అని నన్ను అడిగిన రోగులు ఇద్దరో ముగ్గురో. మీ వంతుగా షుగర్ అదుపులో పెట్టుకోండి, పొగ మానండి. కోతకి ముందు ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీసుకోవద్దు, ఆ గాట్లలోంచే క్రిములు దూరతాయి.

## ఇంటికి వెళ్ళేటప్పుడు

ఇంత తొందరగా పంపేస్తున్నారు. బెడ్ ఖాళీ చేయించడానికేనా?

ఒక్కోసారి అవును, అందుకే అడగాలి. కానీ ఎక్కువ రోజులు మంచం మీద ఉండటమే మంచిదన్న నమ్మకం పాతబడింది. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ 1990లలో ఆపరేషన్ అయిన రోజే లేపి నడిపించడం, త్వరగా నోటితో తినిపించడం, నొప్పిని ముందే అదుపు చేయడం కలిపి ఒక పద్ధతి చేశారు. దానివల్ల కోలుకోవడం వేగమైంది. మంచం మీద ఊరికే పడుకుంటే కాళ్ళలో గడ్డలు కడతాయి, కండ కరుగుతుంది, ఆస్పత్రి క్రిములు అంటుకుంటాయి. నొప్పి మాత్రలతో అదుపులో ఉండి, నడిచి బాత్రూంకి వెళ్ళగలిగి, తినగలిగితే ఇల్లే నయం. ఇవి లేకుండా పంపుతుంటే అభ్యంతరం చెప్పండి. ఏ లక్షణం వస్తే వెంటనే తిరిగి రావాలో, రాత్రిపూట ఏ నెంబరుకి చేయాలో రాయించుకోకుండా కదలకండి.

తర్వాతి చెకప్ వీడియో కాల్లో చేయించుకుంటే సరిపోతుందా?

మాట్లాడితే తేలేవి సరిపోతాయి: బీపీ, షుగర్ అంకెలు చెప్పి మందు సర్దడం, రిపోర్టు చూపించి అర్థం చెప్పించుకోవడం, మానసిక వైద్యంలో చాలా భాగం. తాకితే గానీ తెలియనివి సరిపోవు. కడుపు నొప్పి, ఆయాసం, కొత్తగా వచ్చిన గడ్డ, చీము పట్టినట్టున్న కోత ఉంటే నేరుగా రండి.

మా స్కాన్లు ఇంకో ఆస్పత్రిలో చూపించాలి. ఏం తీసుకెళ్ళాలి?

రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్ళకండి, అది ఒక డాక్టరు అభిప్రాయం. ఫిల్ములు కూడా చాలవు, వాటి మీద ఏరి అచ్చు వేసిన కొన్ని బొమ్మలే ఉంటాయి. రేడియాలజీ కౌంటర్లో డైకామ్ ఫైళ్ళు కావాలని అడగండి. ఇది ఏ కంపెనీ మిషన్‌లో తీసినా ఇంకో చోట తెరుచుకునే ఉమ్మడి పద్ధతి, 1993 నుంచి ఈ పేరుతో ఉంది. సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇస్తారు, కొన్ని చోట్ల లింకు పంపుతారు. లింకైతే గడువు ముగిసేలోపు డౌన్‌లోడ్ చేసుకోండి. ముక్క పరీక్ష (బయాప్సీ) జరిగి ఉంటే రిపోర్టుతో పాటు ఆ ముక్కని ఉంచిన గాజు పలకలు, మైనపు దిమ్మెలు కూడా అడిగి తీసుకోవచ్చు, క్యాన్సర్ విషయంలో రెండో అభిప్రాయానికి అవి తప్పనిసరి. కౌంటర్ దగ్గర్నుంచి వచ్చేముందు సీడీ మీద రాసింది మీ పేరేనా అని ఒకసారి చూసుకోండి.